డిస్కుకు కొబ్బరినూనె

బైకు బ్రేకులు కీచుమనగానే మెకానిక్ దగ్గరికి పరుగెత్తేవాళ్ళను చూస్తే నాకు జాలేస్తుంది. చేతిలో ఫోనుంది, ఫోనులో వీడియో ఉంది, ఇంట్లో పానా ఉంది. ఇంకేం కావాలి? బుర్రా? అది వీడియో తీసినవాడికి ఉంటే చాలదూ!

మా ఇంట్లో బైకు నడిపేది మా ఆవిడ నళిని. రోజూ ఘాట్ రోడ్డు దిగి పుణేలో బ్యాంకుకు వెళ్తుంది. నాకు నడపడం రాదు. అయితేనేం? వంట రానివాళ్ళం కూరలో ఉప్పెక్కువైందని చెప్పడం లేదా?

"ఏమండీ, మెకానిక్ బబన్‌కి చూపించేస్తాను. రోజూ ఆ వాలు దిగేది నేను కదా" అంది.

"బబన్ ఏడో తరగతి తప్పాడు. నేను ఎమ్మెస్సీ!" అన్నాను.

ఖండే నవమి, అదే మన ఆయుధపూజ, పొద్దున మా ఊళ్ళో బళ్ళన్నిటికీ తలంటే. నేను బ్రేకు ప్యాడ్లు విప్పి, గరుకు కాగితంతో రుద్ది, మళ్ళీ బిగించాను. ఇనుప సామాను పూజలో పెట్టేముందు నూనె రాయడం మా ఆనవాయితీ. కొడవలికి రాసినట్టే రెండు బ్రేకు డిస్కులకూ కొబ్బరినూనె పట్టించాను. ఏం మెరుపండీ! కీచు కూడా పోయింది! పసుపు, కుంకుమ, బంతిపూల దండతో బండి పెళ్ళికూతురైంది.

పండక్కి శ్రీఖండ్ మిఠాయి తేవడానికి బయల్దేరాం. ఆవిడ ముందు, నేను వెనక. వాలు మొదలైంది.

"ఏమండీ, బ్రేకు పట్టడం లేదు!"

"గట్టిగా నొక్కు!"

"రెండూ నొక్కేశాను!"

ఎన్ని లాభాలో చూడండి! జన్మలో దారివ్వని రిక్షాలు దారిచ్చాయి. ఇరవై ఏళ్ళుగా పలకరించని పట్వర్ధన్ గారు గోడెక్కి మరీ నా పేరు పెట్టి అరిచారు. మరిచిపోయిన కులదేవత నాకు తడుముకోకుండా గుర్తొచ్చింది. పెట్రోలు ఖర్చు సున్నా!

చివరికి రోడ్డు పక్కన బంతిపూల గుట్టలో తేలాం. పూలమ్మే శకూబాయి నడుం మీద చేతులేసుకుని, "అక్కా, పూలైతే కిలోలెక్కన తూస్తా. ఈయన్ని ఏ లెక్కన తూయమంటావ్?" అంది.

అందరూ నవ్వారు. నళిని నవ్వలేదు. డిస్కు మీద వేలు రాసి, వాసన చూసింది.

"సోమవారం ఘాట్ రోడ్డు నేనొక్కదాన్నే దిగేదాన్ని కదండీ" అంది.

నాకు సిగ్గేసింది, అంతకంటే భయమేసింది.

అయినా ఇంటి మరమ్మతు మహత్తరమైనదే, పాఠకులారా! చిన్న నియమం ఒకటి పెట్టుకుంటే చాలు: బాగుచేసినవాడు వెనక కూర్చుంటేనే బండి కదలాలి. లేకపోతే తెలివి మనది, ప్రాణం వాళ్ళది.