ఆదర్శ పడక

మనిషి ఎక్కడ పడుకున్నా ఎవరికీ పట్టదు గానీ, కోడి దేని మీద పడుకోవాలన్నది మాత్రం పాలనాపరమైన విషయం. అందుకే కుక్కుట శయ్యా సంక్షేమ విభాగం వెలిసింది. దాని ఆఫీసు నందిగామలో, మేడ మీద ఉంటుంది.

ఈ సంగతి జగ్గయ్యపేట ఆసిఫాకి ఆలస్యంగా తెలిసింది. పథకం కింద కోడిపిల్లలు వచ్చిన రోజున, వాళ్లన్న షాకీర్ తను పనిచేసే ఫర్నిచర్ షాపు నుంచి దేవదారు చెక్క పొట్టు బస్తాడు తెచ్చాడు. ఘుమఘుమలాడుతోంది కదాని పిల్లల పెట్టెలో అదే పరిచి, విభాగం వారి పడక యాప్‌లో ఫొటో పెట్టింది. అందులో రోజూ ఒక ఫొటో పెట్టాలి. మొదటి ఫొటోలో ఏ పడక ఉందో, ఆ పిల్లలకు ఆజన్మాంతం అదే పడక. మారిస్తే పిల్లల్ని వెనక్కి పట్టుకుపోతారు.

మూడోనాటికి పిల్లలు తుమ్మడం మొదలెట్టాయి. ఆసిఫా బస్సెక్కి పడకల అధికారి వరప్రసాదరావు గారి ముందు నిలబడింది.

"ఆ ఘాటు పడట్లేదు సార్. ఒకటైతే నోరు తెరుచుకుని ఊపిరి తీస్తా ఉందండి."

"దేవదారు కోళ్లకి మంచిదో కాదో ఇంకా తేలలేదమ్మా. తేలకుండా చెడ్డదని ఎలా అంటాం?"

"పోనీ ఊక వేసుకోనా అండి?"

"ఊక సంగతీ తేలలేదు."

"మా అమ్మమ్మ కాలం నుంచీ ఊకేనండి!"

"మీ అమ్మమ్మ గారు ఫొటో అప్‌లోడ్ చేశారా?"

చెయ్యలేదు. (ఆవిడ హయాంలో కోళ్లు అనుమతి లేకుండానే నిద్రపోయేవి.)

ఆసిఫాకి ఒళ్లు మండింది. ఇంటికొచ్చి, వంటింటి మూల ఊక పోసి పిల్లల్ని అందులోకి మార్చేసింది. పొద్దున్నే వాటిని ఓసారి దేవదారు మీద నిలబెట్టడం, ఫొటో తీయడం, మళ్లీ ఊకలో వదలడం. పిల్లలు తేరుకున్నాయి.

కొన్నాళ్లకు వరప్రసాదరావు గారు తనిఖీకి వచ్చారు. బయట జీపు చప్పుడు వినగానే ఆసిఫా పిల్లల్ని పెట్టెలోకి చేర్చింది.

"ఒక్కటీ తుమ్మట్లేదే!" అన్నారాయన.

నిజం చెబితే పిల్లల్ని పట్టుకుపోతారు. "అవునండి" అంది.

'దేవదారు పొట్టు సురక్షితం' అని రాస్తూ ఆయన రెండుసార్లు తుమ్మారు. నివేదిక కోళ్ల గురించి కాబట్టి ఆ తుమ్ములు అందులోకి ఎక్కలేదు.

పథకంలోని కోళ్లన్నిటికీ ఇకపై దేవదారే పరచాలని ఉత్తర్వు వచ్చింది. ఆసిఫా ఆదర్శ లబ్ధిదారు అయింది. వీధిలోవాళ్లు ఒక్కొక్కరే వచ్చి చెవి దగ్గర అడిగారు. ఆమె చెవిలోనే చెప్పింది. దేవదారు ఫొటోకి, ఊక నిద్రకి.

పక్కవీధి స్తెఫను మాస్టారు ఒక్కరే అడగలేదు. రిటైరైన హెడ్మాస్టరు, సీలున్న కాగితాన్ని అనుమానించడం ఆయనకు చేతకాదు. ఆసిఫాయే ఊక గంప పట్టుకుని వెళ్లింది.

"ఎందుకమ్మా ఇది? నీ కోళ్ల మీదే కదా తేల్చారు. నాకింకేం దిగులు?" అన్నారాయన.

ఆ మనిషికి నిజం చెబితే, ఆ నిజాన్ని ఆయన నందిగామ దాకా మోసుకెళ్తారు. ఆసిఫా గంపతో వెనక్కి వచ్చేసింది. దారంతా తనని తాను తిట్టుకుంది.

వారం తిరక్కుండా మాస్టారి కోడిపిల్లలన్నీ చచ్చిపోయాయి.

విభాగం నిష్పక్షపాతంగా విచారించింది. సురక్షితమని తేలిన పడక మీద చచ్చాయి కాబట్టి తప్పు పడకది కాదని, లబ్ధిదారు నిర్లక్ష్యమని తేల్చింది. ఆయనకు పడక పరచడంలో శిక్షణ ఇవ్వాలని ఆదేశించి, శిక్షకురాలిగా ఆదర్శ లబ్ధిదారు ఆసిఫాను నియమించింది.

ఆమె వెళ్లేసరికి మాస్టారు ఖాళీ గూడు ముందు ఉన్నారు. లేచి, కుర్చీ ఆమెకు వేసి, తను గడప మీద కూర్చున్నారు.

"చెప్పమ్మా, నేనెక్కడ తప్పు చేశాను?"