జిగురు ఆరేదాకా

మీ ఇంట్లో అన్నీ సవ్యంగా పనిచేస్తున్నాయా? అయ్యో పాపం! మిమ్మల్ని చూస్తే నిజంగా జాలేస్తోంది. పాడైపోయిన పాత స్టీరియో స్పీకర్ల జత ఒకటి ప్రతి ఇంట్లోనూ ఉండి తీరాలన్నది నా నిశ్చితాభిప్రాయం. అపార్ట్‌మెంట్లు కట్టేవాళ్లు జిమ్ముతోపాటు వీటినీ ఇవ్వాలని నా డిమాండ్!

మా కూకట్‌పల్లి ఫ్లాట్‌కి ఆ భాగ్యం మా మామగారు రామ్మోహనరావుగారి వల్ల కలిగింది. ఉద్యోగంలో చేరిన కొత్తలో కొన్నారట. పెట్టెలు ఇప్పటికీ రాయిలా ఉన్నాయి గానీ, లోపల అదిరే కాగితపు కోను చుట్టూ ఉండే ఫోమ్ రింగు ముట్టుకుంటే రాలిపోతోంది. నేనేమో హైటెక్ సిటీలో సాఫ్ట్‌వేర్ ఆర్కిటెక్టును. పడిపోయిన సర్వర్లను లేపేవాడికి స్పీకర్లొక లెక్కా?

హాల్లో ప్రాజెక్టు మొదలెట్టి, ఆఫీసులోలాగే రోజూ పొద్దున్నే స్టాండప్ మీటింగ్ పెట్టాను. హాజరైంది నేనొక్కణ్నే. మా ఆవిడ కిరణ్మయి ఇయర్‌బడ్స్‌తో బెడ్‌రూమ్‌లో, అమ్మాయి రసజ్ఞ హెడ్‌ఫోన్స్‌తో తన గదిలో, మామగారు ఫోన్లో ప్రవచనాలతో బాల్కనీలో. భోజనానికి పిలవాలన్నా మా ఇంట్లో వాట్సాపే!

ఇక నా ప్రతిభ చూడండి. కోఠీలో కొన్న కొత్త రింగులు అతికించడానికి రెండు స్పీకర్లకూ ఒకేసారి జిగురు పూసేశాను. డబ్బా మీది సూచనలు చదివే ఆర్కిటెక్టు ఎక్కడైనా ఉంటాడా? ఆరేదాకా చుట్టూ వేళ్లతో నొక్కి పట్టుకోవాలట! ఒకదాన్ని పట్టుకుంటే రెండోది లేచిపోతోంది. ఇయర్‌బడ్స్ దాటుకుని వెళ్లేలా కేక పెట్టాను.

ముగ్గురూ పరిగెత్తుకొచ్చారు. అందరి చేతులూ స్పీకర్ల మీదే. ఫోన్లు మోగుతున్నా తీసే దారి లేదు.

"కొన్నరోజు వీటిని రిక్షాలో ఎక్కించి, కుదుపులకి పాడవుతాయని పక్కనే నడుచుకుంటూ వచ్చానమ్మా," అన్నారు మామగారు.

"నాకెప్పుడూ చెప్పలేదేం నాన్నా?" అంది కిరణ్మయి.

"నా దగ్గర ఎప్పుడు కూర్చున్నావని?"

"నాకు కోడింగంటే అస్సలు ఇష్టం లేదు డాడీ," అంది రసజ్ఞ, రింగు వైపే చూస్తూ. వేరే రోజైతే విసవిసా లేచి వెళ్లిపోయేవాణ్ని. చేతులు జిగురులో ఉన్నాయి కదా, మొత్తం విన్నాను.

స్పీకర్లు బాగుపడ్డాయి. ఏం మోత! అందరూ సూపర్ అన్నారు. పాట సగంలోనే మళ్లీ ఎవరి ఫోన్లు వాళ్లు అందుకుని ఎవరి చోటికి వాళ్లు వెళ్లిపోయారు. అంతంత స్పీకర్ల ముందు ఒక్కణ్నే మిగిలాను. ఏడుపొచ్చింది, దాచడమెందుకు!

మర్నాడు చప్పుడు చేయకుండా బ్లేడు పట్టుకుని వెళ్లాను. కుడి స్పీకర్ రింగు కాస్త లేపుదామని. తీరా చూస్తే, అప్పటికే ఎవరో లేపేశారు!

"మీ పని అంత గట్టిగా లేనట్టుందండీ అల్లుడుగారూ," అన్నారు మామగారు, గోళ్లలో ఇరుక్కున్న ఫోమ్ దులుపుకుంటూ. ఎవరూ పిలవకుండానే రసజ్ఞ జిగురు డబ్బా తెచ్చింది. వెనకే కిరణ్మయి వచ్చి కింద కూర్చుంది.

అందుకే చెబుతున్నాను. మీరు జిగురు కొనేటప్పుడు బాగా ఆలస్యంగా ఆరేదే అడిగి తీసుకోండి.