పుత్తన్‌ముక్కు ఎమ్మే

ప్యూను పోస్టుకు ఏడో తరగతి ప్యాసై ఉండవలెను, డిగ్రీ మాత్రం ఉండరాదు అని నియామక మండలి ప్రకటించింది. చదువుకోని వారి కూడు చదువుకున్న వారు లాక్కోకూడదన్న సదుద్దేశంతో పెట్టిన నిబంధన ఇది. కొల్లం జిల్లా పుత్తన్‌ముక్కు ప్రజలు దాన్ని శిరసావహించారు. వారం తిరక్కుండా ఊళ్లో డిగ్రీ ఉన్నవాళ్లంతా చదువుకోని వారైపోయారు.

బిజులాల్ ఆర్థికశాస్త్రంలో ఎమ్మే, ఫస్టు క్లాసు. నిరుద్యోగానికి కారణాలేమిటన్న ప్రశ్నకు పన్నెండు పేజీలు రాసినవాడు. ఆ పన్నెండు పేజీలూ తొమ్మిదేళ్లుగా స్వయంగా అనుభవిస్తున్నాడు. వయోపరిమితి దాటడానికి ఇక నాలుగు నెలలే ఉన్నాయి. ఇది తప్పితే సర్కారు గుమ్మం ఎక్కే యోగం లేనట్టే. అందుచేత, తనకు ఏ డిగ్రీ లేదని రాసి సంతకం పెట్టాడు. తల్లి తంకమణి ఎమ్మే పట్టాను బియ్యం డబ్బా అడుగున దాచింది. ఇరవై రెండేళ్లు ఫ్యాక్టరీలో జీడిగింజలు కొట్టి, వేళ్లు నల్లగా కమిలిపోయి, ఆమె సంపాదించిన ఆస్తి అదొక్కటే.

ఇంటర్వ్యూకు శిక్షణ ఇచ్చిన మాస్టారికి డాక్టరేటు ఉంది. "రాజధాని ఏదంటే ఢిల్లీ అని ఊరుకోవాలి. ఎప్పటినుంచి, ఎందుకు అని మొదలుపెట్టారో, అయిపోయారే" అని ఆయన బోధించేవారు. ఆయన కూడా దరఖాస్తు పెట్టారు గానీ అలవాటు మానుకోలేక తప్పారు. బిజులాల్‌కు మొదటి ర్యాంకు వచ్చింది.

పుత్తన్‌ముక్కులో ఎవరికి కంటి ఆపరేషన్ సక్రమంగా జరిగినా కూడలిలో ఫ్లెక్సీ కట్టడం ఆచారం. తంకమణిని అక్క వరసతో చేచీ అని పిలిచే క్లబ్బు కార్యదర్శి ఉదయన్ ఆమె ఇంటికి వచ్చాడు.

"చేచీ, పేరు పక్కన ఏం వెయ్యమంటావు?"

ఏమీ వెయ్యొద్దని చెప్పాలని ఆమెకు తెలుసు. తన వేళ్ల వంక చూసుకుంది.

"ఎమ్మే అని వెయ్యి నాయనా. చిన్న అక్షరాల్లో అయినా ఫర్వాలేదు."

"చిన్నగా ఎందుకు చేచీ, ఊరి పరువు కదా."

ప్యూనుగా ఎంపికైన ఊరి ముద్దుబిడ్డ బిజులాల్ ఎం.ఏ.కు అభినందనలని మూరెడు అక్షరాలతో ఫ్లెక్సీ లేచింది. కింద అభినందించినవారి ఫొటోలు నలభై రెండు. వారిలో సగం మంది అదే ఉద్యోగానికి పోటీ పడినవారు. విశాల హృదయులు.

పాలకని వెళ్లిన బిజులాల్ దాన్ని చూసి పరుగున ఇంటికొచ్చాడు.

"ఎంత పని చేశావే అమ్మా."

"మనవాళ్లు తప్ప ఎవరు చూస్తార్రా?"

ఆమె అన్నది అక్షరాలా నిజం. అతను పీకి తెచ్చేలోపే ఫ్లెక్సీ ఫొటోతో సహా మండలికి ఫిర్యాదు చేరింది. ఉత్తరంపై సంతకం లేదు. నాలుగు పేజీల్లో ఒక్క అక్షరదోషం లేదు, నిబంధనలు మాత్రం సెక్షన్ల వారీగా ఉదహరించి ఉన్నాయి. ఏడో తరగతి చదివినవాడు రాసినది కాదని అధికారికి కూడా అర్థమైంది.

"మీలాంటి విద్యావంతులే చదువు దాచితే జాతికి దిక్కెవరు?" అని అధికారి తల్లీకొడుకులను విచారణకు పిలిపించి చాలాసేపు బాధపడ్డారు.

తంకమణి చేతులు జోడించింది. "చదివించింది నేను సార్. తప్పు నాది. వాడికేమీ రాదని రాసిస్తాను, వేలిముద్ర వేస్తాను."

తల్లి ఇచ్చే ధ్రువపత్రం చెల్లదని అధికారి విచారంతో తెలియజేశారు.

ఫ్లెక్సీని కోళ్లగూటిపై కప్పారు. ఆ వర్షాకాలం కోళ్లు తడవలేదు. ఎమ్మే వల్ల ఆ ఇంటికి జరిగిన మొదటి మేలు అదే.

ఉద్యోగం రెండో ర్యాంకు వచ్చిన రతీష్‌కు దక్కింది. అతను ఇంజనీరు. పాత ఫ్లెక్సీలో అతని ఫొటో మూడోది. పేరు పక్కన ఏడో తరగతి అని వెయ్యమని అతని తల్లి ముందే వచ్చి చెప్పి వెళ్లింది. కొత్త ఫ్లెక్సీలో అభినందించినవారి వరుసలో మొదటి ఫొటో బిజులాల్‌ది. దాని పక్కన ఎం.ఏ. అని స్పష్టంగా వేశారు. ఇక దాచవలసిన అవసరం లేదు కదా.