పరమశాంతి వారి కోతుల యుద్ధం వర్ధిల్లాలి!

యుద్ధం చాలా మంచిదండీ! ఈ మాట నేను ఆవేశంలో అనట్లేదు. ఢిల్లీ బ్లూ లైన్ మెట్రోలో సీటు దొరికింది, కూర్చుని ప్రశాంతంగా ఆలోచించి మరీ అంటున్నాను.

అందరూ శాంతి, శాంతి అంటారు. శాంతి వల్ల ఎవరికేం ఒరిగింది చెప్పండి? శాంతిగా ఉన్నన్నాళ్ళూ మా సొసైటీలో ఎదురింటాయన పేరు కూడా నాకు తెలీదు. యుద్ధం వచ్చాక ఆయన బ్లడ్ గ్రూప్ తెలుసు. ఆయన అల్లుడికి ఏ మోకాలు నొప్పో కూడా తెలుసు. ఇంత ఆత్మీయత ఏ వనభోజనాల్లో వస్తుందండీ?

నమ్మకం లేకపోతే మయూర్ విహార్ రండి. యాక్షన్ కామెడీ కోసం టికెట్ కొనుక్కుని నోయిడా మాల్‌కి పోవడం దేనికి? మా ఏ బ్లాకు మేడ మీద ఫ్రీగా చూడొచ్చు. అంటే, ఇదివరకు చూసేవాళ్ళం. ఇప్పుడు మేడెక్కడానికి లేదు. దాని సంగతి తర్వాత చెప్తా.

ముందు రణరంగం ఎలా ఉంటుందో వినండి. మా సొసైటీలో రెండు బ్లాకులు. ఏ బ్లాకు నిండా సెంట్రల్ గవర్నమెంట్ అంకుల్స్. వీళ్ళు ఇంట్లో ఫ్యాన్ వెయ్యాలన్నా పైనుంచి ఆర్డర్ రావాలి. బీ బ్లాకు నిండా సాఫ్ట్‌వేర్ జనం. వీళ్ళకి దాహం వేసిందో లేదో ఫోన్ చూసుకుంటే గానీ తెలీదు. మధ్యలో ఒక పార్కు. పార్కు నిండా కోతులు.

కోతులది తటస్థ దేశం. వాటికి పాలకూరైనా పాస్తా అయినా ఒకటే.

వాటిలో పెద్దకోతికి ఎడమచెవి సగమే ఉంటుంది. మా బ్లాకు వాళ్ళు దానికి జాయింట్ సెక్రటరీ అని పేరు పెట్టారు. ఎందుకంటే పదకొండు దాటాక వస్తుంది, ఖాళీ కుర్చీ చూసుకుని కూర్చుంటుంది, దొరికిన కాగితమల్లా చెల్లాచెదురు చేస్తుంది, లంచ్ కానిచ్చి వెళ్ళిపోతుంది.

నేను ఏ బ్లాకులో మా పిన్ని అన్నపూర్ణేశ్వరి ఇంట్లో ఉంటాను. పెళ్ళి వీడియోలూ, కంపెనీ వీడియోలూ ఎడిట్ చేస్తుంటాను. పిన్నిది తెనాలి. ఢిల్లీ వచ్చి ఎన్నేళ్ళయినా మే నెల ఎండని మనలాగా తిట్టదు. దాన్ని సరుకులా చూస్తుంది. "ఇంత ఎండ ఊరికే పోతోందిరా" అని కిటికీలోంచి బాధపడుతుంది. అందుకని ఏటా మేడ మీద తన పాత నేత చీర పరిచి గుమ్మడి వడియాలు పెడుతుంది. చల్లమిరపకాయలు ఎండబెడుతుంది. సొసైటీలో తెలుగు వాళ్ళ ఇళ్ళన్నిటికీ అవే వెళ్తాయి. బీ బ్లాకు వాళ్ళకి కూడా!

కిందటి ఏడాది ఒకరోజు జాయింట్ సెక్రటరీ తన స్టాఫ్‌తో సహా వచ్చి వడియాలన్నీ తనిఖీ చేసి తినేసింది. తిన్నది తిని ఊరుకుందా? చీర కప్పుకుని పార్కంతా తిరిగింది. నిజం చెప్పాలంటే కొంగు బాగానే వేసుకుంది.

అక్కడ మొదలైందండీ యుద్ధం.

"ఆ కోతులు బీ బ్లాకు వైపు నుంచి వచ్చాయి. అందరూ నోట్ చేసుకోండి" అన్నారు సదాశివరావు అంకుల్. ఆయన మా బ్లాకు ప్రెసిడెంటు. మినిస్ట్రీలో రిటైరయ్యారు గానీ ఆ సంగతి ఆయనకింకా అందలేదు.

"డేటా చూస్తే మీ వైపు నుంచే వస్తున్నాయి అంకుల్" అన్నాడు కిరీటి. అతను బీ బ్లాకు నాయకుడు. ఫోన్‌లో ఒక గ్రాఫ్ చూపించాడు. దాంట్లో కోతులు ఎర్రరంగులో ఉన్నాయి.

సరిగ్గా అప్పుడొచ్చాడు మహానుభావుడు ఉమాశంకర్! గుర్గావ్‌లో పరమశాంతి సొల్యూషన్స్ అని ఒక కంపెనీ, దాంట్లో ఈయన సీనియర్ ఏదో. మెడలో ఐడీ కార్డు. మన తెలుగువాడే. మా సోఫాలో కూర్చుని పిన్ని వేసిన పెసరట్టు తింటూ, "ఆంటీ, మీ బాధ చూస్తుంటే నాకు రాత్రిళ్ళు నిద్ర పట్టట్లేదు" అన్నాడు.

వెంటనే బ్యాగులోంచి డిజిటల్ కొండముచ్చు తీశాడు. కోతులకి కొండముచ్చు అంటే హడలు కదా. కోతి దగ్గరికి రాగానే ఈ డబ్బా కొండముచ్చులా అరుస్తుంది. కోతి పారిపోతుంది. అంకుల్ ఆ డబ్బా ముందు నిలబడి చేతులు జోడించారు.

డబ్బా బ్రహ్మాండంగా పనిచేసింది. కోతులన్నీ బీ బ్లాకుకి వెళ్ళిపోయాయి. మర్నాడు నేను కొరియర్ ఇవ్వడానికి కిరీటి ఇంటికి వెళ్తే, సోఫాలో ఉమాశంకర్! చేతిలో ఉప్మా ప్లేటు. "కిరీటి గారూ, మీ బాధ చూస్తుంటే నాకు రాత్రిళ్ళు నిద్ర పట్టట్లేదు."

పాపం ఎప్పుడు పడుకుంటాడండీ ఆ మనిషి?

బీ బ్లాకుకి కొండముచ్చు ప్రో వచ్చింది. ఇంకా గట్టిగా అరుస్తుంది. దానికి జవాబుగా మాకు కళ్ళు ఎర్రగా వెలిగే కొండముచ్చు ప్రో మ్యాక్స్. దానికి జవాబుగా వాళ్ళకి ఎగిరే కొండముచ్చు. దానికి జవాబుగా మాకు, ఆ ఎగిరేదాన్ని చూసి అరిచే కొండముచ్చు. ఒకరోజు రిడ్జ్ అడవి నుంచి నిజం కొండముచ్చు ఒకటి వచ్చిందట, ఇక్కడేదో చుట్టాల పెళ్ళి జరుగుతోందనుకుని. డబ్బాలన్నీ చూసి, ఎవరూ పలకరించలేదని అలిగి వెళ్ళిపోయింది.

దీనివల్ల లాభాలు ఎన్నని చెప్పను? అంకుల్ బీపీ నార్మల్‌కి వచ్చింది. రిటైరైన అంకుల్స్ అందరూ కరోల్ బాగ్ వెళ్ళి మిలటరీ చారల నిక్కర్లు కొనుక్కున్నారు. ఆ మోకాళ్ళని అన్నేళ్ళ తర్వాత ఎండకి చూపించారు. పిన్ని కూతురు నేహా టెన్త్ చదువుతోంది. మాథ్స్‌లో తక్కువొస్తే "మమ్మీ, లంగూర్ కీ ఆవాజ్ మే కైసే పఢూఁ?" అంటోంది, కొండముచ్చు అరుపుల్లో ఎలా చదవాలని. ఇంత గట్టి సాకు మా చిన్నప్పుడు మాకు దొరికిందా? ఆదివారం అశోకా రోడ్డులో ఆంధ్రా భోజనానికి వెళ్తే రెండు బ్లాకుల వాళ్ళూ వేర్వేరు టేబుళ్ళు. మధ్య టేబుల్ మీదున్న గోంగూర పచ్చడి కోసం దౌత్యం నడిచింది.

నష్టం ఒక్కరికే జరిగింది. మేడ అంటే ఎత్తు. ఎత్తు అంటే యుద్ధంలో కీలకం. కాబట్టి తాళం వేశారు.

"మరి నా వడియాలో అన్నయ్యగారూ?" అంది పిన్ని.

"ఇలాంటి టైములో వడియాలేంటమ్మా?"

"యుద్ధం వచ్చిందే వడియాల కోసం కదండీ!"

"అది స్టార్టింగ్‌లో. ఇప్పుడు మనం చాలా దూరం వచ్చేశాం" అన్నారు అంకుల్, నిక్కరు పైకి లాక్కుంటూ.

పిన్ని బాల్కనీలో పెట్టి చూసింది. మా బాల్కనీలోకి ఎండ ఎప్పుడొస్తుందో, ఎప్పుడు పోతుందో దానికే తెలీదు. వడియాలకి బూజు పట్టింది. పిన్ని వాటిని ఒక్కొక్కటీ ఏరి చెత్తబుట్టలో వేసింది. తిండి పారెయ్యడం పిన్నికి జ్వరంలో కూడా అలవాటు లేదు.

ఇంకో విషయం మర్చిపోయాను. మంగళవారం యుద్ధానికి సెలవు. ఆరోజు శత్రువే దేవుడు!

ఢిల్లీలో మంగళవారం హనుమంతుడి రోజు. కోతికి అరటిపండు పెడితే కోరిక తీరుతుందని నమ్మకం. అంకుల్ కూతురు మైథిలి కరోల్ బాగ్‌లో సివిల్స్ కోచింగ్ తీసుకుంటోంది. అమ్మాయి ప్రిలిమ్స్ కోసం అంకుల్ తలస్నానం చేసి, బొట్టు పెట్టుకుని, "ఆవో బేటా, ఆవో" అని పార్కులో కోతుల్ని పిలుస్తారు. అవతల కిరీటి ప్రమోషన్ కోసం పిలుస్తాడు. డబ్బాలన్నీ ఆ పూటకి ఆఫ్. అరటిపళ్ళ కోసం బజారుకి వెళ్ళక్కర్లేదు. పరమశాంతి వారి యాప్‌లోనే 'మంగళవార సేవ' ఉంది. తలుపు దగ్గరికి గెల తెచ్చిస్తారు.

అంటే వారానికి ఆరు రోజులు కోతుల్ని తరుముతారు, ఏడోరోజు బొట్టు పెట్టి పిలుస్తారు. ఇలాంటి చోటు వదిలి ఏ కోతి పోతుందండీ?

ఇలా ఉండగా ఉమాశంకర్ నా దగ్గరికొచ్చాడు. "తమ్ముడూ, మీ సొసైటీ విజయగాథ మీద కంపెనీకి ఒక యాక్షన్ ఫిల్మ్ కావాలి. అంకులే హీరో. రెండు బ్లాకుల్నీ పిలిచి కమ్యూనిటీ హాల్లో వేద్దాం." కంపెనీ వాళ్ళు సొసైటీ అంతా పెట్టిన సీసీటీవీ వీడియోలన్నీ నాకిచ్చేశాడు.

అన్నీ ఇచ్చేశాడండీ. మంగళవారాలతో సహా!

నేను నిజాయితీపరుణ్ణి. వాళ్ళిచ్చింది తప్ప బయట నుంచి ఒక్క షాట్ తేలేదు. వరసలో పెట్టానంతే. "పిన్నీ, రేపు ఆదివారం ఈ సినిమా పడుతుంది, సోమవారం నీకు మేడ తాళం వస్తుంది" అన్నాను. పిన్ని ఆ రాత్రే బూడిద గుమ్మడికాయ కోసి ముక్కలు తరిగింది, మినపప్పు నానబోసింది.

హాలు నిండిపోయింది. తెర మీద సోమవారం. అంకుల్ స్లో మోషన్‌లో అట్లకాడ పట్టుకుని మెట్లు దూకుతున్నారు. వెనకాల ఢంకాలు. కొండముచ్చు కళ్ళు ఎర్రగా వెలిగాయి. జాయింట్ సెక్రటరీ గాల్లో ఎగిరింది. ఈలలే ఈలలు!

కట్ చేస్తే మంగళవారం. ఢంకాలు ఆపలేదు. అవే ఢంకాల మధ్య అంకుల్ స్లో మోషన్‌లో అరటిపండు తొక్క వలుస్తున్నారు. జాయింట్ సెక్రటరీ నోట్లో పెడుతున్నారు. దాని సగం చెవి నిమురుతున్నారు. కట్ చేస్తే కిరీటి, అదే కోతికి, రెండు చేతులతో. కట్ చేస్తే గేటు దగ్గర పరమశాంతి వారి వ్యాను. ఒక తలుపులోంచి కొండముచ్చు డబ్బాలు దిగుతున్నాయి. రెండో తలుపులోంచి అరటి గెలలు.

ఈలలు ఆగిపోయాయి.

"అంటే... రెండు వైపులా వీళ్ళే అమ్మారా?" అన్నాడు కిరీటి మెల్లిగా.

"కోతుల్నీ మనమే పిలిచాం" అంది వెనక నుంచి ఎవరో ఆంటీ.

పిన్ని లేచి నిలబడింది. "ఇక తాళం ఇప్పించండి అన్నయ్యగారూ. పిండి పులిసిపోతుంది."

అంకుల్ జేబులో చెయ్యి పెట్టారు. పెట్టారండీ, నా కళ్ళతో చూశాను! తాళంచెవి గలగలమంది కూడా. అంతలో ఆయన తెర వైపు మళ్ళీ చూశారు.

"ఒక్క నిమిషం. ఆ గెలలు వెనక్కి తిప్పి చూపించవోయ్."

తిప్పాను.

"బీ బ్లాకుకి వెళ్ళిన పళ్ళు అంత పెద్దగా ఉన్నాయేంటి? మాకేమో చిట్టివి పంపుతున్నారు!"

"పెద్దవా? మావాటి మీద మచ్చలు చూడండి అంకుల్! మీవి నిగనిగలాడుతున్నాయి!"

"ఏమయ్యా ఉమాశంకర్, కూతురి ప్రిలిమ్స్‌కి చిట్టి పళ్ళా? అందుకే కటాఫ్‌లో పోయింది!"

అంతే! కుర్చీలు లేచాయి. మీ పండు, మా పండు అని హాలు దద్దరిల్లింది. ఉమాశంకర్ చేతులు జోడించి స్టేజీ ఎక్కాడు. "పెద్దలారా, మీ బాధ చూస్తుంటే నాకు నిద్ర పట్టట్లేదు. శాంతి ఒప్పందం చేసుకుందాం. రెండు బ్లాకులకీ ఒకే సైజు పళ్ళు, ఒకే సైజు కొండముచ్చులు. గొడవలు రాకుండా రెండు మేడలూ తటస్థమైన మూడో పార్టీకి అప్పగించేద్దాం."

"మూడో పార్టీ ఎవరు?" అన్నాను నేను.

ఉమాశంకర్ సిగ్గుపడ్డాడు.

అందరూ చేతులెత్తారు. ఏ బ్లాకూ బీ బ్లాకూ కలిసి చేతులెత్తడం చరిత్రలో అదే మొదటిసారి. కొందరి కళ్ళల్లో నీళ్ళు కూడా తిరిగాయి. పిన్ని చెయ్యి మాత్రం లేవలేదు. ఆ చేతికి మినప్పిండి అంటుకుని ఉంది.

ఇప్పుడు మా మేడ తలుపుకి వేలిముద్ర తాళం ఉంది. మా వేళ్ళు దానికి నచ్చవు.

మొన్న నేహా కింద కిరాణా షాపు నుంచి ఒక ప్యాకెట్ తెచ్చింది. బంగారు రంగు ప్యాకెట్. మీద 'పరమశాంతి వారి అచ్చమైన మేడ వడియాలు' అని రాసుంది. ఫోటోలో నీళ్ళ ట్యాంకు, దాని పక్కన వరసగా వడియాలు. ట్యాంకు మీద వంకరటింకర హిందీ అక్షరాల్లో 'నేహా' అని పెయింట్. అది ఒకటో క్లాసులో నేహా రాసిందే.

"మమ్మీ, యే తో హమారీ టంకీ హై!" అంది నేహా. అవును, మా మేడ మీది ట్యాంకే.

పిన్ని ఒక వడియం వేయించి నోట్లో వేసుకుంది. చాలాసేపు నమిలింది. "ఎండ మనదే. చెయ్యి మనది కాదు" అంది.

కాబట్టి పాఠకులారా, యుద్ధం మంచిదే. శాంతి ఇంకా మంచిది. రెండూ ఒకే కంపెనీ దగ్గర దొరుకుతున్నప్పుడు మనకి బెంగ దేనికి? మైథిలి మళ్ళీ ప్రిలిమ్స్ రాస్తోంది. పళ్ళ సైజు పెరిగింది. కిరీటి, అంకుల్ ఇప్పుడు ఒకే టేబుల్ దగ్గర గోంగూర తింటున్నారు.

నిన్న మంగళవారం. ఎప్పుడూ కోతుల్ని తిట్టే మా పిన్ని మొదటిసారి అరటిపండు పట్టుకుని పార్కులోకి వెళ్ళింది. ఏం కోరుకుంటుందోనని వెనకాలే వెళ్ళాను. జాయింట్ సెక్రటరీ అప్పుడే మా మేడ దిగి వస్తోంది. ఆ తలుపుతో పని లేకుండా పైకెళ్ళి రాగలిగేది ఇప్పుడు అదొక్కటే.

పిన్ని దాని చేతిలో పండు పెట్టి, పక్కన బెంచీ మీద కూర్చుని అడిగింది.

"ఏం నాయనా, పైన ఎండ బాగా కాస్తోందా?"