గెంతని ట్రక్కు

ఆదివారం పొద్దున వెల్డరు వేసుకున్న ప్లాను చాలా చిన్నది. ట్రక్కు బాగు చేయాలి, సామాను ఎక్కించాలి, మామగారిని ఆయన పెద్దకొడుకు ఇంట్లో దింపి రావాలి. నాలుగు రోజులుండి పోతానని వచ్చిన మామగారు ఎండలు, వానలు, చలి అన్నీ ఇక్కడే చూశారు. కుర్చీ ఎక్కడ వేయాలో, అల్లుడు ఎటు తిరిగి పడుకోవాలో కూడా ఆయనే చెప్పేవారు. మొన్న పెద్దకొడుకు రమ్మంటే సరేనన్నారు. వెల్డరుకు ప్రాణం లేచొచ్చింది.

అడ్డంకి ఒక్కటే. బయల్దేరేటప్పుడు ట్రక్కు వెనకభాగం కుప్పిగంతులు వేసేది.

"నా అద్దాల బీరువా ముక్కలైపోతుందయ్యా. ఆ గెంతులు మాన్పించాకే నేను కదిలేది," అని మామగారు తేల్చేశారు.

దానికి మందు ల్యాడర్ బార్లు. రెండు పొడవాటి పైపుల మధ్య నిచ్చెనలా అడ్డపట్టీలు అతికి, ఒక కొస వెనక ఇరుసుకూ ఇంకో కొస ఛాసిస్‌కూ బిగిస్తే ఇరుసు మెలి తిరగదు, బండి గెంతదు. వెల్డరు షెడ్డులోనే ట్రక్కు కిందికి దూరాడు. మామగారు పక్కనే స్టూలు వేసుకున్నారు.

"ఇరుసు కదులుతోంది అల్లుడూ. ఓ ఇనపముక్క వేసి ఆ షెడ్డు స్తంభానికి అతికెయ్. పనయ్యాక కోసేద్దువుగాని."

సలహా మంచిదే. వెల్డరు అలాగే చేశాడు. పనయ్యాక ఆయన టార్చి పట్టుకుని వంగి, ఇక్కడ బుడిపె, అక్కడ వంకర అంటూ బార్ల మీది ప్రతి అతుకుకూ వంక పెట్టారు. ఆ బుడిపెలు అరగదీసే గొడవలో ఇనపముక్క ఇద్దరికీ గుర్తు రాలేదు.

సామాను ఎక్కింది. వెల్డరు గేరు వేశాడు. ట్రక్కు మూలిగింది గానీ కదల్లేదు.

"బరువెక్కువైంది. బీరువా దించు," అన్నారు మామగారు.

బీరువా దించి షెడ్డులో పెట్టారు. కదల్లేదు. మంచం దించారు. కదల్లేదు.

"ఏమండీ, కిందికోసారి చూడకూడదూ?" అంది భార్య.

"కింద అంతా నేను చూశానమ్మా!" అన్నారు మామగారు. ఆయన చూశాక ఇంకొకరు చూడటమనేది ఆ ఇంట్లో లేదు.

కుర్చీలూ, పెట్టెలూ కూడా దిగాయి. వెల్డరు పళ్లు బిగించి యాక్సిలరేటరు తొక్కాడు. ట్రక్కు ఒక్క గెంతైనా లేకుండా నున్నగా వీధిలోకి వెళ్లింది. దాని వెనకే స్తంభం వెళ్లింది. స్తంభం వెనకే రేకుల కప్పూ వెళ్లింది.

వెల్డరు దిగి చూసి తల పట్టుకున్నాడు. పరుగున వెనక్కి వచ్చేసరికి, పైన ఆకాశం తప్ప ఏమీ లేని షెడ్డులో బీరువా, మంచం, కుర్చీలు వరసగా ఉన్నాయి. అద్దం మీద గీత కూడా పడలేదు.

"చూశావా, గెంతలేదు!" అన్నారు మామగారు. తర్వాత తలెత్తి పైకి చూశారు. "ఇప్పుడీ షెడ్డు కట్టాలి. నిన్నొక్కణ్ణీ వదిలేసి ఎలా వెళ్తానయ్యా? నేను చెప్పకపోతే నీకు ముక్క కోయడం కూడా గుర్తుండదు!"

"అక్కడ మీ అబ్బాయి ఎదురుచూస్తుంటాడు మామయ్యా," అన్నాడు వెల్డరు, ఏడుపొక్కటే తక్కువ.

"వాడి షెడ్డు బాగానే ఉందిగా!"

మంచం తిరిగి ఇంట్లోకి వెళ్లింది. అల్లుడి పనుల్లో మామగారు ఇంతవరకూ వంక పెట్టనిది, స్తంభానికి వేసిన ఆ అతుకు ఒక్కటే.