కారుకి థర్మామీటరు

ఆ రోజు డాక్టరుగారి పథకంలో వంక పెట్టడానికి ఏమీ లేదు. ఏడున్నరకి కారు బానెట్ ఎత్తడం, ఎనిమిదింటికి దించడం, తొమ్మిదింటికి స్నానం, పదింటికి భార్యని పక్కన కూర్చోబెట్టుకుని బయల్దేరడం, పదకొండింటికి ఆవిణ్ణి ఇంటర్వ్యూకి దింపడం. అరగంట పనికి అరగంటే పడుతుందని నమ్మేవాళ్ళు ఈ లోకంలో ఇంకా ఉన్నారు. వాళ్ళలో ఎక్కువమంది బాగా చదువుకున్నవాళ్ళే.

ఆయన పిల్లల డాక్టరు. చుట్టుపక్కల అందరూ జ్వరం డాక్టరుగారనే అంటారు. ఏ తల్లయినా "ఒళ్ళు కాలిపోతోందండీ" అంటూ పిల్లాణ్ణి ఎత్తుకొస్తే, "చెయ్యి అబద్ధం చెబుతుందమ్మా, మీటరు చెప్పదు" అని ముందు థర్మామీటరు పెట్టేవారు. ఇంట్లోనూ అదే పాట. భార్య నుదుటి మీద చెయ్యి వేసి "మీకు జ్వరం తగిలింది, పడుకోండి" అన్నా సరే, మీటరు చూసుకుని గానీ పడుకునేవారు కాదు. మీటరు ఎప్పుడూ ఆవిడ మాటే చెప్పేది. అయినా ఆ గొప్ప మీటరుకే దక్కేది.

అంత నిదానస్తుడూ యాభై దాటాక ఒక పిచ్చిపని చేశారు. ఎవరో వాడి వదిలేసిన ఎర్రటి స్పోర్ట్స్ కారు కొన్నారు. రెండే సీట్లు. నేలకి జానెడు ఎత్తు. ఎక్కాలంటే కూలబడాలి, దిగాలంటే పాకాలి. ఆవిడకీ డ్రైవింగ్ వచ్చు గానీ, ఆ తాళంచెవిని డాక్టరుగారు ఇంతవరకూ ఇంకో చేతికి ఇచ్చి ఎరగరు.

నెల క్రితం ఇద్దరూ స్నేహితుల ఇంటికి భోజనానికి వెళుతుంటే ఆ కారు నడిరోడ్డు మీద పొగలు కక్కింది. డ్యాష్‌బోర్డులో వేడి చూపించే ముల్లు మాత్రం ఏమీ ఎరగనట్టు మధ్యలోనే నిలబడింది. ఆవిడ చెప్పులు చేత పట్టుకుని రెండు కిలోమీటర్లు నడిచింది. ఇంటికొచ్చాక అరవలేదు, ఏడవలేదు. "ఇంకొక్కసారి ఇది నన్ను నడిరోడ్డున నిలబెట్టిందంటే, ఆ మర్నాటి నుంచి మన గుమ్మంలో ఉండకూడదు" అంది తాపీగా. ఆవిడ టీచరు. తాపీగా అన్న మాట వెనక్కి తీసుకున్న దాఖలా ఇరవై రెండేళ్ళలో ఒక్కటీ లేదు.

డాక్టరుగారికి నిద్ర పట్టలేదు. కారుని వదులుకోవడానికి ఆయనకి మనసొప్పలేదు. తప్పు కారుది కాదు, అబద్ధాలకోరు ముల్లుది అని తేల్చుకున్నారు. నికరమైన మీటరొకటి తెప్పించారు. ఇంజిన్లో తిరిగే నీళ్ళ వేడిని ఒక్కో డిగ్రీ లెక్కన చూపిస్తుంది. అది బిగించడానికి బావమరిదిని పిలిచారు.

బావమరిదికి ఇళ్ళల్లో నీళ్ళ పైపులు వేసే పని. వ్యాను నిండా గొట్టాలు, కుళాయిలు వేసుకుని ఏడుంబావుకే దిగాడు.

"ఈ ఇత్తడి ముక్కే సెన్సరు" అని చూపించారు డాక్టరుగారు. "ఇంజిన్లోంచి రేడియేటర్‌కి వేడినీళ్ళు మోసుకెళ్ళే రబ్బరు గొట్టం ఉందే, దాన్ని మధ్యకి కోసి, ఈ అల్యూమినియం ముక్క ఇరికించి, దాని నెత్తిన సెన్సరు బిగించాలి."

"పైపు కోసి మధ్యలో ముక్క పెట్టడమేనా? నేను పుట్టిందే దానికి బావా!"

"ఇదిగో, ఎలా బిగించాలో ఈ కాగితంలో రాశాడు. ఓసారి చదువుదాం."

"పైపుకి చదువెందుకు బావా?" అంటూ అతను ఆ కాగితాన్ని మోకాలి కింద వేసుకుని కూర్చున్నాడు.

గొట్టం కోసే ముందు అందులో నీళ్ళు తియ్యాలన్న సంగతి ఇద్దరికీ తెలుసు. అవతలివాడు తీశాడని ఇద్దరూ అనుకున్నారు. ఇంజిన్‌ని చల్లబరిచే ఆకుపచ్చ నీళ్ళు డాక్టరుగారి పైజామాని మోకాళ్ళ దాకా తడిపాయి. అవి తుడిచి, వాకిలి కడిగి, కొత్త నీళ్ళు తెచ్చేసరికి తొమ్మిదయింది. మధ్యలో బావమరిది ఫోను మోగుతూనే ఉంది. అతను చూడ్డం, నొక్కెయ్యడం.

"ఎవరోయ్, అన్నిసార్లు?"

"ఎవరో బావా, మెసేజీ పెట్టాడు, పైపు పగిలి నీళ్ళు కారుతున్నాయట. కారితే ఎక్కడికి పోతాయి, కిందికేగా! సెలవురోజు మనిషిని బతకనివ్వరు."

పని మాత్రం వంక లేకుండా చేశాడు. గొట్టానికి అటూ ఇటూ క్లిప్పులు బిగించాడు, చుక్క కారలేదు. మీటరుని డాక్టరుగారే డ్యాష్‌బోర్డులో పాత ముల్లుకి సరిగ్గా అడ్డంగా, దాన్ని కప్పేసేలా అతికించారు, ఆ అబద్ధాలకోరు మొహం ఇక చూడనక్కర్లేకుండా. తీరా చూస్తే మీటరు వచ్చిన పెట్టె అడుగున జానెడు నల్ల తీగా, ఒక బుల్లి స్క్రూ మిగిలాయి.

"ఇవేంటోయ్?"

"స్పేర్ బావా. కుళాయి కొంటే వాషర్ ఒకటి ఎక్కువ ఇవ్వడూ? అలాగే."

మనసు ఎక్కడో పీకినా, పైపుల విషయంలో అతని మాట కాదనే ధైర్యం డాక్టరుగారికి లేదు. రెండూ చొక్కా జేబులో వేసుకుని ఇంజిన్ ఆన్ చేశారు.

కొత్త మీటరు ముల్లు నలభై దగ్గరుంది. ఆ అంకెతోనే దాని లెక్క మొదలు. అయిదు నిమిషాలయింది, నలభై. పది నిమిషాలయింది, నలభై. డాక్టరుగారు మీటరుని వేలితో తట్టారు. బావమరిది చక్రాన్ని కాలితో తన్నాడు. నలభై.

"ఇంజిన్‌కి వేడి ఎక్కట్లేదోయ్" అన్నారు డాక్టరుగారు దిగులుగా.

"వేడెక్కకూడదనే కదా బావా మన బాధంతా?"

"అలా కాదు. మనిషికైనా ఒంట్లో ఉండాల్సిన వేడి ఉండాలి. పెరిగినా రోగమే, తగ్గినా రోగమే. దీనికి లోపలెక్కడో తేడా చేసింది."

అంతలో రేడియేటర్ ముందున్న ఫ్యాను గిర్రున తిరగడం మొదలెట్టింది. బావమరిదికి ఎక్కడ లేని జ్ఞానం వచ్చింది.

"దొరికింది బావా దొంగ! ఇదే! చలికి వణికేవాణ్ణి కూర్చోబెట్టి విసనకర్రతో విసురుతోంది. ఇంక వేడెక్కడ ఎక్కుతుంది?"

డాక్టరుగారికి అది సబబుగానే తోచింది. ఫ్యాను ఫ్యూజు పీకేశారు. అదీ చాలదని బావమరిది వ్యానులోంచి వాష్‌బేసిన్ అట్టపెట్టె తెచ్చి, కోసి, రేడియేటర్‌కి అడ్డంగా కట్టాడు. మరో పది నిమిషాలు ఇంజిన్ తిరిగింది. ముల్లు నలభై దాటలేదు గానీ, మీటరు అంచుల చుట్టూ లేత ఎరుపు కాంతి ఒకటి మెరవసాగింది. "లోపల లైటు కూడా పెట్టాడోయ్, ఎంత ముచ్చటగా ఉందో!" అని మురిసిపోయారు డాక్టరుగారు. అది వెనకాల దాగిన పాత ముల్లు పక్కన వెలిగిన ప్రమాదపు దీపమని ఆ క్షణాన చెప్పే దిక్కు లేదు.

పదీ పదికి ఆవిడ ఇస్త్రీ చీరలో, ఫైలు పట్టుకుని బయటికి వచ్చింది. ఊరికి అవతలి కొసనున్న స్కూల్లో ప్రిన్సిపాల్ ఉద్యోగం. పద్దెనిమిదేళ్ళు పాఠాలు చెప్పాక వచ్చిన మొదటి పిలుపు. ఫైలు బానెట్ మీద పెట్టబోయి చటుక్కున చెయ్యి వెనక్కి తీసుకుంది.

"ఏమండీ, ఇది కాలిపోతోంది."

"ఎండకి."

"నీడలో ఉంది కదండీ."

"చెయ్యి అబద్ధం చెబుతుంది. వచ్చి చూడు, నలభై. దానికి చలేసి చస్తోంటే!"

ఆవిడ తమ్ముడి వంక చూసింది. అతను ఆకాశం వంక చూశాడు. వేరే బండి మాట్లాడుకునే వేళ కాదు, తన స్కూటరు మీద వెళితే ఇస్త్రీ చీర మిగలదు. ఆవిడ నిట్టూర్చి సీట్లో కూలబడింది. కారులో మూడో మనిషికి చోటు లేదు కాబట్టి, చేసిన పని ఎలా ఉందో చూసుకుందామని బావమరిది వ్యాను వేసుకుని వెనకే బయల్దేరాడు.

సగం దారిలో, పెద్ద కూడలి దగ్గర ఎర్రదీపం పడింది. ముందు ఆ ఆకుపచ్చ నీళ్ళ తియ్యటి వాసన వచ్చింది. తర్వాత బానెట్ సందుల్లోంచి తెల్లగా ఏదో లేచింది.

"పొగ వస్తోంది" అంది ఆవిడ.

"మంచు అయ్యుంటుంది."

"పదిన్నరకా?"

"పొగెలా అవుతుంది? నలభైలో ఉంది కదా!" అన్నారాయన. అవతలి పక్కనున్న దుకాణాలు అప్పటికే కనబడ్డం మానేశాయి. బుస్సుమంటూ నీళ్ళు చిమ్మి ముందు అద్దం మీద పడ్డాయి. చుట్టూ హారన్లు. డాక్టరుగారు మాత్రం మీటరు వంకే చూస్తున్నారు. నలభై. తన కళ్ళని నమ్మాలో, తను అతికించిన దాన్ని నమ్మాలో ఆయనకి తెలియలేదు. జీవితంలో మొదటిసారి ఆయనకి కాస్త భయమేసింది.

ఎవరో నలుగురు కలిసి కారుని రోడ్డు పక్కకి నెట్టారు. ఆవిడ పాకి దిగి, చీర దులుపుకుని, నేరుగా వెళ్ళి తమ్ముడి వ్యాను ముందు సీట్లో కూర్చుంది. డాక్టరుగారు కారుకి తాళం వేసి, వెనకాల గొట్టాల మధ్య, ఒక కొత్త కమోడు మీద కూర్చున్నారు. పాపం, చోటు అక్కడే ఉంది.

సీటు మీద తమ్ముడు సామాన్లతో పాటు పడేసిన కాగితం ఒకటి మోకాలి ముద్రలతో కనబడితే ఆవిడ తీసి చదివింది. తర్వాత క్లాసులో చదివినట్టు పైకి చదివింది. "సెన్సరుని రబ్బరు గొట్టంలో పెట్టినప్పుడు, నల్ల తీగని ఒక కొస అల్యూమినియం ముక్కకి, రెండో కొస ఇంజిన్ ఇనుముకి స్క్రూతో బిగించాలి. రబ్బరులోంచి కరెంటు పోదు. తీగ లేకపోతే ఇంజిన్ మరుగుతున్నా ముల్లు కదలదు."

డాక్టరుగారు జేబు తడుముకున్నారు. తీగ అక్కడే ఉంది. బావమరిది గేరు మార్చాల్సిన అవసరం లేకపోయినా రెండుసార్లు మార్చాడు.

పదకొండుకి రెండు నిమిషాలుందనగా వ్యాను స్కూలు గేటు ముందు ఆగింది. వాచ్‌మన్ వ్యాను పక్కన రాసున్న ఫోన్ నంబరు చూశాడో లేదో, పోయిన ప్రాణం లేచొచ్చినట్టు పరుగెత్తుకొచ్చాడు.

"వచ్చావా నాయనా! పొద్దున్నుంచి పదకొండుసార్లు చేశాను! పై ట్యాంకు పైపు పగిలి ఆఫీసు గదంతా నీళ్ళు!"

బావమరిది మొహం పాలిపోయింది. పొద్దున్నుంచీ తను నొక్కేసిన ఫోను ఇదేనని తెలిసేసరికి అతను అక్క మొహం చూడలేక పానాల సంచీ తీసుకుని మెట్లెక్కి మాయమయ్యాడు. లోపల ఇంటర్వ్యూ చెయ్యాల్సిన ముగ్గురు పెద్దలూ ప్యాంట్లు మోకాళ్ళ దాకా మడుచుకుని, కాళ్ళు కుర్చీల మీద పెట్టుకుని కూర్చున్నారు. పావుగంటలో నీళ్ళు ఆగాయి.

కమిటీ అధ్యక్షుడు కళ్ళద్దాలు తుడుచుకుంటూ అడిగాడు. "అమ్మా, ఆ ప్లంబర్‌ని మీరా తీసుకొచ్చింది?"

"అవునండీ" అంది ఆవిడ. అందులో అబద్ధం ఏముంది?

"స్కూల్లో ఏదైనా ఇబ్బంది వస్తే ఏం చేస్తారని అడుగుదామనుకున్నాం. ఇంక అక్కర్లేదు" అన్నాడాయన. మిగతా ఇద్దరూ కాళ్ళు కిందికి దించుతూ తలూపారు. తంతే గారెల బుట్టలో పడ్డట్టయింది. అయితే ఆవిడ పద్దెనిమిదేళ్ళ సంగతులూ చెప్పకుండా మాత్రం లేవలేదు. మరో అరగంట మాట్లాడి, ఉద్యోగం ఇచ్చినట్టు కాగితం చేత పట్టుకునే వచ్చింది.

వరండాలో నిలబడ్డ డాక్టరుగారికి సంతోషంతో కళ్ళు చెమర్చాయి. వెంటనే కారు గుర్తొచ్చి, మళ్ళీ చెమర్చాయి.

"నువ్వన్న మాట నాకు గుర్తుంది" అన్నారు. "రేపే ఎవరికైనా అమ్మేస్తాను."

ఆవిడ కాగితం ఫైల్లో పెట్టుకుని వ్యాను ఎక్కింది. ముగ్గురూ కూడలి దగ్గరికి తిరిగొచ్చారు. ఇంజిన్ చల్లారాక నీళ్ళు పోసి, అట్ట పీకి, ఫ్యూజు పెట్టి, ఆ జానెడు తీగ బిగించారు. రెండు నిమిషాల పని. ఇంజిన్ ఆన్ చెయ్యగానే ముల్లు బుద్ధిగా లేచి అరవైకి, డెబ్భైకి, ఎనభై అయిదుకి వచ్చి నిలబడింది. ఫ్యాను తిరిగింది, ఆగింది. వింతేమిటంటే, ఇంజిన్‌కి ఏమీ కాలేదు. ఆవిడ బానెట్ మీద అరచెయ్యి ఆనించి, తృప్తిగా తలూపి, డాక్టరుగారి ముందు చెయ్యి చాపింది.

"తాళం ఇటివ్వండి."

"ఎందుకు?"

"స్కూలు ఇంటికి పదిహేను కిలోమీటర్లు. రేపు సోమవారం నుంచి నేను వేసుకెళతాను. మర్నాటి నుంచి గుమ్మంలో ఉండకూడదన్నాను కదా? పొద్దున్నే ఏడింటికల్లా ఉండదు."

"మరి నేను క్లినిక్‌కి?"

"నా స్కూటరుంది. దానికి మీటర్లు పనిచెయ్యవు, నెమ్మదిగా అలవాటవుతుంది లెండి."

సోమవారం డాక్టరుగారు స్కూటరు మీద క్లినిక్‌కి వెళ్ళారు. మొదట వచ్చిన తల్లి ఎప్పటిలాగే "ఒళ్ళు కాలిపోతోందండీ" అంది. ఆయన థర్మామీటరు పెట్టారు. మీటరు ప్రకారం జ్వరం లేదు. తల్లి మొహం చూశారు, పిల్లాడి మొహం చూశారు, ఇన్నేళ్ళలో మొదటిసారి పిల్లాడి నుదుటి మీద చెయ్యి వేశారు. నుదురు నిజంగానే కాలిపోతోంది.

ఆయన మెల్లగా థర్మామీటరు పెట్టె తెరిచి, అడుగున నల్ల తీగ ఏమైనా మిగిలిపోయిందేమోనని వెతికారు.