నడుము నలభై నాలుగు

ఆ రోజు పొద్దున్నే కాజాలక్క మూడు పనులు పెట్టుకుంది. పెద్ద డాక్టరుగారి తెల్లకోటుకు మిగిలిపోయిన రెండు కాజాలు కుట్టడం, తొమ్మిదింటికల్లా ఆసుపత్రికి చేరడం, అక్కడ ఎవరో ఒకరు తన కుడిచెయ్యి పట్టుకుని చూసేదాకా కూర్చున్న కుర్చీలోంచి లేవకపోవడం. మొదటి పని సగంలోనే ఆగింది. సూది చేతిలో ఉందో జారిపోయిందో వేళ్లకు తెలియలేదు. తెల్లబట్ట మీద ఆవగింజంత ఎర్రచుక్క కనిపించాక తెలిసింది, సూది చేతిలోనే ఉందని, అదీ బాగా లోపలికి దిగి ఉందని.

ముప్పై ఏళ్లుగా ఆ వీధి చివర ఆమెది దర్జీ దుకాణం. ఊరంతా మెషీన్ మీద కాజాలు కొట్టించుకుంటున్నా ఆమె మాత్రం చేత్తోనే కుడుతుంది. అందుకే చిన్నా పెద్దా అందరికీ ఆమె కాజాలక్క. అలాంటి మనిషికి ఎనిమిది నెలలుగా కుడి బొటనవేలు, పక్కనున్న రెండు వేళ్లు మొద్దుబారిపోతున్నాయి. ఆసుపత్రికి ఏడుసార్లు వెళ్లింది. ఏడుసార్లూ కొత్త డాక్టరే. ప్రతివాడూ "ఎప్పట్నుంచి?" అని మొదటికొచ్చేవాడు. ఒకాయన మెడకు ఫోటో తీయించాడు. ఒకాయన వయసన్నాడు, ఇంకొకాయన మనసన్నాడు. ఇద్దరైతే తలే ఎత్తలేదు. చెయ్యి పట్టుకుని చూసినవాడు ఒక్కడూ లేడు. వేళ్లు ఇలాగే ఉంటే దుకాణానికి తాళం వేసుకోవడమేనని ఆమెకు తెలుసు, ఆ మాట ఎవరితోనూ అనలేదు.

పైగా ఆసుపత్రివాళ్లు ఆమె కాగితాలు రెండుసార్లు పోగొట్టారు. దాంతో ఆమెకు ఒళ్లు మండి, తనకు చేతనైన పని తను చేసింది. మిగిలిన కాగితాలన్నీ దొంతి పెట్టి, పెద్ద మెషీన్ మీద రెండు వరసల కుట్టు వేసి, నీలం లైనింగు బట్టతో అట్ట కట్టింది. ఇక ఇందులో కాగితం పోవాలంటే కత్తెర పట్టుకు రావాల్సిందే అనుకుంది. అక్కడితో ఆగినా బాగుండేది. బట్ట మిగిలింది కదా అని దుకాణంలోని కొలతల పుస్తకానికి కూడా అదే అట్ట కట్టింది.

ఆ కొలతల పుస్తకంలో ఆఖరి పేజీ పెద్ద డాక్టరుగారిది. ఆయన కిందటి నెల స్వయంగా వచ్చి, ఊపిరి బిగబట్టి నిలబడి, నడుము నలభై రాసుకోమన్నాడు. ఆమె టేపు చూసి నలభై నాలుగు రాసుకుంది. టేపు చెప్పిందే రాయడం, రాసింది బయటికి చెప్పకపోవడం, ఈ రెండూ ఆమె వృత్తి నియమాలు. పనిలో పనిగా తన వేళ్లు చూపించబోతే ఆయన నడుము చుట్టూ టేపుతోనే, "ఓపీకి రండమ్మా, మావాళ్లు చూస్తారు" అన్నాడు. ఆ మావాళ్లలో ఏడోవాడిని ఆమె చూసొచ్చింది కూడా.

తోడు రావడానికి ఆడపడుచు వచ్చింది. సంచీ మోయడం, వదిన నోరు అదుపులో ఉంచడం ఆవిడ బాధ్యతలు.

"వదినా, అక్కడ గొడవ పెట్టుకోకు. నీకు పుణ్యముంటుంది."

"గొడవ దేనికి? కూర్చుంటానంతే. కూర్చోవడం కూడా గొడవేనా?" అని కాజాలక్క రక్తం వచ్చిన వేలికి గుడ్డపీలిక చుట్టుకుంది. ఆ హడావుడిలో నీలం అట్టవి రెండూ బల్ల మీదే ఉన్నాయి. ఆడపడుచు చేతికందిన నీలం అట్టను సంచీలో పడేసింది. చేతికందింది కొలతల పుస్తకం.

ఆసుపత్రి కౌంటరులో అమ్మాయి, కంప్యూటర్లు మార్చామని, పాత వివరాలేవీ రావని, కాగితాలుంటే వాటిలోంచి మళ్లీ ఎక్కిస్తానని చెప్పింది. కాజాలక్క గర్వంగా సంచీ అందించింది. ఆ అమ్మాయి పుస్తకం తీసి, టేపుముక్క అడ్డం పెట్టి ఉన్న పేజీ తెరిచింది. మొద్దుబారిన వేళ్లతో రాసిన గిలుకుడు అది. చూడగానే డాక్టరు దస్తూరీ అని నమ్మకం కుదిరింది. పైన 'పెద్ద డాక్టరుగారు' అన్న ముక్క ఒక్కటే చదవడానికి వీలైంది కాబట్టి ఆ రాత ఆయనదేనని ఖాయమైంది. కంప్యూటర్లో రక్తపరీక్షకు ఐదు గళ్లు, పుస్తకంలో ఐదు అంకెలు. లెక్క సరిపోయింది. ఛాతీ, నడుము, భుజం, చెయ్యి, పొడవు వరసగా గళ్లలోకి వెళ్లి కూర్చున్నాయి. తెర ఎర్రబడింది.

లోపల కుర్ర డాక్టరు ఆ తెర చూసి లేచి నిలబడ్డాడు. ఎనిమిది నెలల్లో తనకోసం ఒక డాక్టరు కుర్చీలోంచి లేవడం కాజాలక్క చూడటం అదే మొదలు. మనసు కాస్త మెత్తబడి చెయ్యి చాపింది. ఆయన ఆ చేతికి రోగి నంబరు పట్టీ కట్టించాడు.

"రెండో అంకె పది దాటకూడదమ్మా. మీది నలభై నాలుగు. వెంటనే పడుకోబెట్టాలి, లేవండి."

"లేవను. ముందు నా చెయ్యి చూడండి."

ఆయన తలూపి, 'రోగి లేవలేకపోతోంది' అని రాసుకున్నాడు. చక్రాల కుర్చీ వచ్చింది. ఆమె అందులోకి మారడానికీ ఒప్పుకోలేదు. ప్రాణం పోయినా ఈ కుర్చీ వదలనంది. 'మాటలో పొంతన లేదు' అని ఇంకో ముక్క చేరింది. చివరికి ఇద్దరు సిబ్బంది ఆమెను కుర్చీతో సహా ఎత్తి వరండా వెంట తీసుకెళ్లారు. పెళ్లిలో కూడా ఇంత ఊరేగింపు జరగలేదని కాజాలక్కకు అనిపించింది. ఆడపడుచు మాత్రం కంగారుపడి, వదినను కుర్చీతో సహా మోసుకెళ్తున్నారని ఇంటికి ఫోన్ చేసింది. ఆ వార్త వీధికి చేరేసరికి అందులోంచి కుర్చీ రాలిపోయి, మోసుకెళ్లడం మాత్రం మిగిలింది.

వార్డులో కుర్చీని మంచం పక్కనే దించారు, ఆమె అందులోంచి కదల్లేదు. పొట్ట డాక్టరు వచ్చి తెర చూసి నిట్టూర్చాడు. గుండె డాక్టరు వచ్చి తెర చూసి, పొట్ట డాక్టరును చూసి నిట్టూర్చాడు. ఇది వేళ్ల బాధ అని ఆమె చెప్పినప్పుడల్లా వాళ్లు కంగారుపడొద్దని ధైర్యం చెప్పారు. ఇందులో పొరపాటుందేమోనని నర్సు ఒకసారి నసిగింది గాని, అంకెలు పెద్ద డాక్టరుగారు స్వయంగా రాసినవని తెలిసి ఊరుకుంది. నీలం పుస్తకాన్ని మంచం పాదాల దగ్గర పరమ భద్రంగా పెట్టింది.

మధ్యాహ్నానికల్లా దుకాణం ఖాతాదారులు దిగారు. రిటైరైన పోస్టుమాస్టరు వచ్చాడు, పాట నేర్పే పంతులమ్మ వచ్చింది, ఒక చెయ్యి మాత్రమే కుట్టిన నల్లకోటు చంకలో పెట్టుకుని లాయరమ్మ వచ్చింది. అందరి కళ్లలోనూ నీళ్లున్నాయి, అందరి బట్టలూ సగంలో ఉన్నాయి. పంతులమ్మ కాసేపు ఏడ్చి, కాజాలక్క నూరేళ్లు చల్లగా ఉండాలని, ఒకవేళ ఉండకపోతే తమ కొలతలైనా ఎవరికైనా అప్పగించి వెళ్లమని మెల్లగా అడిగింది.

"నేనెక్కడికీ వెళ్లడం లేదు. పుస్తకం దుకాణంలో ఉంది," అంది కాజాలక్క కోపంగా.

అప్పుడే పెద్ద డాక్టరుగారు పది మంది విద్యార్థులతో వచ్చాడు. ఇలాంటి కేసు మళ్లీ దొరకదని ఎవరో కబురు పెట్టారు. ఆయన మంచం వైపు చూడకుండా తెర వైపు తిరిగి పాఠం మొదలుపెట్టాడు. ఈ నలభై నాలుగు ఒక్కరోజులో వచ్చింది కాదని, ఏళ్ల తరబడి ఒంటిని పట్టించుకోని మనిషికే వస్తుందని, ఇలాంటివాళ్లు తమను తామే మోసం చేసుకుంటారని చెప్పాడు. విద్యార్థులు రాసుకున్నారు. ఇంతకీ ఈ అంకెలు ఎవరు రాశారని ఆయన అడిగితే నర్సు బిత్తరపోయి, "మీరే సార్" అంటూ నీలం పుస్తకం అందించింది.

ఆయన టేపుముక్క దగ్గర తెరిచాడు. పైన తన హోదా ఉంది, దాని కింద తెల్లకోటు అని ఉంది. నలభై నాలుగు పక్కన మార్జిన్లో చిన్న అక్షరాలతో ఇంకో మాట ఉంది. ఆ గిలుకుడును తనకు సంబంధించిన మాట కాబట్టి ఆయన కష్టపడి కూడబలుక్కున్నాడు. 'నలభై అంటున్నారు. నమ్మకూడదు.'

కాజాలక్క టేపుముక్క చూసింది, ఆయన మొహం చూసింది, ఆడపడుచు వైపు ఒక చూపు చూసింది. ఆవిడ సంచీలో తల దూర్చేసింది.

"అక్కా, అది కొలతల పుస్తకం కదూ?" అంది లాయరమ్మ, వృత్తిధర్మం ఆగక. "ఎవరివమ్మా ఆ కొలతలు?"

పది కలాలు ఆగాయి. పెద్ద డాక్టరుగారు తనకు తెలియకుండానే ఊపిరి బిగబట్టాడు.

"అది నేను చెప్పను," అంది కాజాలక్క. "నా రోగాన్ని మీరు వరండాలో అరిచి చెప్తారు, అది మీ పద్ధతి. నా పుస్తకంలో ఉన్నవాళ్ల గుట్టు నా నోట్లోంచి రాదు, ఇది నా పద్ధతి." ఆమె కుడిచెయ్యి ఆయన ముందుకు చాపింది. "నేను దర్జీని డాక్టరుగారూ. ఒంటికి టేపు తగలకుండా ఒక్క కొలత రాయను. మీరు ఎనిమిది నెలలుగా నన్ను ముట్టుకోకుండా కొలుస్తున్నారు. ఈ వేళ్లు పోతే నాకు ఇంకేముంది?"

ఆ మాటతో కళ్లలో నీళ్లొచ్చాయి. వాటిని తుడుచుకోవడానికి కూడా ఆమె ఆ చెయ్యి వెనక్కి తీసుకోలేదు. చాపిన చెయ్యి చాపినట్టే ఉంచింది.

పెద్ద డాక్టరుగారు పుస్తకం మూసేశాడు. విద్యార్థులను కాస్త జరగమని, మంచం పక్కనున్న స్టూలు లాక్కుని కూర్చున్నాడు. నంబరు పట్టీ విప్పి, చెయ్యి చేతిలోకి తీసుకుని, మణికట్టు మీద రెండు వేళ్లతో తట్టాడు. చివ్వుమని తిమ్మిరి వేళ్ల చివరిదాకా పాకింది. బొటనవేలు మొదట్లో కండ కరిగిపోవడం చూపించాడు, చెయ్యి వంచి నిమిషం ఉంచి చూశాడు. మణికట్టు దగ్గర నరం నొక్కుకుపోయిందని, ముప్పై ఏళ్లు కత్తెర పట్టిన చేతికి ఇది వచ్చేదేనని, చిన్న ఆపరేషన్‌తో సర్దుకుంటుందని చెప్పాడు. అంతా కలిపి నాలుగు నిమిషాలు పట్టింది.

"మరి వీళ్లకెందుకు తెలియలేదు?" అంది కాజాలక్క.

ఆయన మొదటి తప్పు తనదేనని, దుకాణంలో ఆ రోజే చూసి ఉండాల్సిందని నెమ్మదిగా అన్నాడు. ఆమె అంతటితో వదల్లేదు. ఆపరేషన్ తేదీ, చేసేవాళ్ల పేరు, ఆ తర్వాత చూడబోయేది కూడా ఆయనేనన్న మాట, మూడూ అర్థమయ్యే అక్షరాలతో రాయించుకుని, కింద సంతకం పెట్టించుకుని, అప్పుడు లేచి నిలబడింది. అక్కడే ఉన్న కుర్ర డాక్టరు పక్కకు తిరిగి, 'రోగి లేచింది' అని రాసుకున్నాడు.

ఆపరేషన్ అనుకున్న రోజుకే జరిగింది. రెండు నెలల తర్వాత ఒక పొద్దున కాజాలక్క మళ్లీ ఆ తెల్లకోటు ఒళ్లో పెట్టుకుంది. మొదటి కాజా సగంలో ఉండగా సూది వేలికి గుచ్చుకుంది. చురుక్కుమంది. ఇన్ని నెలల తర్వాత తన వేలికి నొప్పి తెలిసింది. ఆమె ఆ వేలు పట్టుకుని తనివితీరా ఏడ్చింది. కంగారుగా వచ్చిన ఆడపడుచుకు ఆ వేలు చూపించి, నవ్వి, మళ్లీ సూది అందుకుంది. ఉతికినా వదలని పాత ఎర్రచుక్క మీద ఒక గుండీ కుట్టేసింది.

కంప్యూటర్లోంచి మాత్రం ఆ ఐదు అంకెలు పోలేదు. దానికి ఎక్కించుకోవడమే గాని దించుకోవడం రాదట. ఆసుపత్రి నుంచి ఆమె పేరిట నాలుగు పేజీల పథ్యం చీటీ వచ్చింది. నలభై నాలుగు నలభైకి దిగేదాకా ఉప్పూ నూనే తగ్గించాలని, రోజూ గంటసేపు నడవాలని అందులో ఉంది. కాజాలక్క దాన్ని శుభ్రంగా చదివి, నాలుగు మడతలు పెట్టి, తెల్లకోటు లోపలి జేబులో ఉంచి, నోరు కుట్టేసి ఆసుపత్రికి పంపించింది.

ఆ ఆసుపత్రి కాగితం ఒకటి దారి తప్పకుండా అసలు రోగికి చేరడం అదే మొదటిసారి.